సీపీ ఉన్న బాబుకి ఐక్యూ 48 అని రాశారు, ఈ రిపోర్టుని నమ్మొచ్చా?

కరీంనగర్ అమ్మ:
అందరికీ నమస్కారం. మా బాబుకి ఏడేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం. అందులో డిస్కైనెటిక్ రకం, చేతులూ కాళ్లూ వాటంతటవే కదిలిపోతాయి. చేతులు వాడి మాట వినవు, వాడి మాటలు ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ అర్థం కావు. వైకల్యం సర్టిఫికెట్ కోసం ఒక చోట టెస్ట్ చేయించాం. చెక్క పలకలో ముక్కలు పెట్టమని స్టాప్‌వాచ్ నొక్కారు. నక్షత్రం ముక్కని సరిగ్గా దాని గుంత దాకా తెచ్చాడు, అక్కడ చెయ్యి అదిరి కింద పడిపోయింది, మళ్లీ ఇస్తే మళ్లీ పడింది. తర్వాత నన్ను కూర్చోబెట్టి వాడే అన్నం తింటాడా, చొక్కా గుండీలు పెట్టుకుంటాడా అని అడిగి రాసుకున్నారు. 48 వచ్చింది. ఆ కాగితం చూసి స్కూలువాళ్లు స్పెషల్ స్కూల్లో వేయమంటున్నారు. ఇంట్లో వాళ్లక్కతో అష్టాచెమ్మా ఆడతాడండీ, ఏ కాయ కదపాలో కళ్లతో చూపిస్తాడు, అక్క ఒక గడి ఎక్కువ జరిపితే ఊరుకోడు, గోల గోల చేస్తాడు. కానీ పుస్తకంలో పేజీ నిండా లెక్కలుంటే మాత్రం మొహం తిప్పేసుకుంటాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

సైకాలజిస్ట్, హైదరాబాద్:
అమ్మా, మొదటిది సెగ్విన్ ఫామ్ బోర్డు, రెండోది వీఎస్ఎమ్ఎస్ (వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్) అయ్యుంటుంది. ఒకటి చేతి వేగం మీద, ఇంకొకటి పిల్లాడు సొంతంగా చేసుకునే పనుల మీద నడుస్తాయి, చేతులు సహకరించని పిల్లాడికి బుర్ర ఎలా ఉన్నా రెండింటిలోనూ స్కోరు తగ్గుతుంది. ఆ 48 చూసి స్కూలు మార్చకండి. రావెన్ కలర్డ్ మాట్రిసెస్ చేయగలరా అని అడగండి: 36 బొమ్మలుంటాయి, ఖాళీలో ఏ ముక్క సరిపోతుందో చెప్పాలి, టైమ్ లిమిట్ లేదు, మాట అక్కర్లేదు, మేం ఒక్కో ముక్క చూపిస్తూ పోతే పిల్లాడు అవునో కాదో చెప్తే చాలు. మాటలు ఎంత అర్థమవుతున్నాయో బొమ్మలతో విడిగా చూడాలి.

ఒకటి సూటిగా చెప్పాలి. సీపీ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి మేధోవైకల్యం కూడా ఉంటుంది, మిగతా సగానికి ఉండదు. అష్టాచెమ్మా ఒక్కదానితో తేల్చలేం, కానీ అది మంచి ఆధారం, ఫోన్లో వీడియో తీసి తీసుకెళ్లండి. మేధోవైకల్యం లేదని తేలినా ధ్యాస, విన్నది కాసేపు బుర్రలో పెట్టుకోవడం, లెక్కలు, వీటిలో ఒక్కోదానిలో ఇబ్బంది ఉండొచ్చు. క్లాసులో ఏం మార్చాలో తెలిసేది అక్కడే, అందుకే రిపోర్టులో అంకె ఒక్కటే రాసి ఇస్తే తీసుకోకండి, టీచర్ ఏం చేయాలో కూడా రాయమనండి. సికింద్రాబాద్‌లో ఎన్ఐఈపీఐడీ అని మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన జాతీయ సంస్థ ఉంది, అక్కడ అడిగి చూడండి.

భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల ప్రభుత్వ కేంద్రం) టీచర్:
అక్కా, పేజీ నిండా ఉంటే మొహం తిప్పుతున్నాడంటే ముందు చూపు సంగతి తేల్చుకోండి. కళ్లు బాగానే ఉన్నా చూసింది మెదడులో సర్దుకోకపోవడం సీపీ పిల్లల్లో ఎక్కువ, సీవీఐ అంటారు, పేరు చెప్పి మరీ డాక్టర్ని అడగండి. ఈలోపు ఒక అట్టకి కిటికీలా కోసి ఒక్కో లెక్క మాత్రమే కనపడేలా పెట్టి చూడండి, అప్పుడు చేస్తున్నాడంటే రానిది లెక్క కాదన్నమాట. టెస్ట్ రోజు వాడికి అలవాటైన కుర్చీ తీసుకెళ్లండి, పాదాలు ఆనకపోతే పడిపోకుండా కూర్చోవడానికే వాడి శక్తంతా పోతుంది. ఫిట్స్ మందు వేసుకుని మగతగా ఉండే టైమ్‌లో వద్దు. ఇక స్కూలు సంగతి: 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 31 ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని స్కూల్లో గానీ స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదివే హక్కుంది. ఎంచుకునేది మీరు, హెడ్‌మాస్టర్ కాదు.

స్టాక్‌హోమ్ నాన్న:
మా పాపకీ సీపీనే. ఇక్కడ సీపీకాగ్ అనే పద్ధతి ప్రకారం 5–6 ఏళ్లకి ఒకసారి, 12–13కి మళ్లీ సీపీ పిల్లల ఆలోచనాశక్తిని పరీక్షించి చూడాలంటారు. పై క్లాసులకి వెళ్లేకొద్దీ పాఠాలు బరువవుతాయి, చిన్నప్పుడు కనపడని ఇబ్బంది అప్పుడు బయటపడుతుంది. కాబట్టి ఈ రిపోర్టు ఎలా వచ్చినా అదే చివరిదనుకోకండి.

కరీంనగర్ అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. వాడు అవునంటే పైకి చూస్తాడు, కాదంటే కళ్లు గట్టిగా మూసుకుంటాడు. కొత్తవాళ్లకి అది తెలియదు కదా, పక్కన నన్ను ఉండనిస్తారా?

సైకాలజిస్ట్, హైదరాబాద్:
ఉండనిస్తారు, కాకపోతే జవాబు మీరు చెప్పకూడదు. ఈ రెండు సైగలూ కాగితం మీద రాసి ముందే ఇవ్వండి. జవాబు తెలిసిన ప్రశ్నలు కొన్ని వాడిని అడిగి, సైగలు నిలకడగా వస్తున్నాయో లేదో చూసుకున్నాకే టెస్ట్ మొదలుపెట్టమనండి.