రెండో ప్రపంచ యుద్ధం ముగియకముందే మిత్రుల మధ్య ఎందుకు చెడింది? కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మాది కడప. కోచింగ్ లేకుండా ఇంట్లోనే సివిల్స్‌కి చదువుతున్నాను. ప్రపంచ చరిత్రలో ఒకచోట ఇరుక్కుపోయాను.

హిట్లర్ మీద కలిసి పోరాడిన అమెరికా, బ్రిటన్, సోవియట్‌ల మధ్య తగువు ఎప్పుడు మొదలైనట్టు? నా నోట్సులో 1947, ట్రూమన్ సిద్ధాంతం (కమ్యూనిజాన్ని అడ్డుకుంటామన్న అమెరికా అధ్యక్షుడి విధానం) అని ఉంది. కానీ 1944 అక్టోబర్‌లోనే బ్రిటన్ ప్రధాని చర్చిల్ మాస్కో వెళ్లి కాగితం ముక్క మీద లెక్కలు రాశాడు. రుమేనియాలో రష్యా పలుకుబడి 90 శాతం, గ్రీసులో బ్రిటన్‌ది 90, యుగోస్లావియాలో చెరి సగం. సోవియట్ నేత స్టాలిన్ నీలం పెన్సిలుతో టిక్కు పెట్టాడు. పంట ఇంటికి రాకముందే అన్నదమ్ములు గట్టు మీద నిలబడి వాటాలు వేసుకున్నట్టు లేదూ!

1945 ఫిబ్రవరిలో యాల్టా సమావేశంలో, పోలండ్‌లో స్వేచ్ఛగా ఎన్నికలు జరగాలని మూడు దేశాల నేతలూ ఒప్పుకున్నారు. జులైలో పోట్స్‌డామ్ సభ నాటికి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చనిపోయి ట్రూమన్ వచ్చాడు. సభ మధ్యలోనే చర్చిల్ పదవి దిగిపోయి, కొత్త ప్రధానిగా అట్లీ వచ్చాడు. ట్రూమన్ దగ్గర అణుబాంబు ఉంది.

మనుషులు మారినందుకే చెడిందా? లేక ఎర్ర సైన్యం (సోవియట్ సైన్యం) అప్పటికే పోలండ్‌లో తిష్ఠ వేసింది కాబట్టి ఆ ఒప్పందానికి విలువ లేకుండా పోయిందా? నాకైతే రెండోదే అనిపిస్తోంది.

ఇంకొకటి. టిప్పు మీద ఈస్టిండియా కంపెనీతో కలిసి గెలిచి నిజాం తెచ్చుకున్న మన సీమ, 1800లో సైన్యం ఖర్చు కింద ఆ కంపెనీకే పోయింది కదా. ఈ పోలిక జవాబులో రాయొచ్చా, మార్కులు పోతాయా? మెయిన్స్ రాసినవాళ్లు ఎవరైనా చెప్పండి.