అప్‌డేట్: మా చెల్లికి యూకే వీసా వచ్చింది, చిక్కంతా 28 రోజుల దగ్గరే

నాయన అకౌంట్‌లో సరిపడా డబ్బున్నా మా చెల్లి స్టూడెంట్ వీసా ఎందుకు రిజెక్ట్ చేశారని కావలి నుంచి అడిగాను కదా, నిన్న వీసా వచ్చేసింది. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.

"స్టేట్‌మెంట్ రోజువారీగా చూడు తమ్ముడూ" అని జవాబిచ్చిన ఒక అన్న మాటే నిజమైంది. అకౌంట్‌లో డబ్బు వరుసగా 28 రోజులు, వాళ్లు అడిగిన మొత్తం కంటే ఒక్కరోజు కూడా తగ్గకూడదు. మాది 19వ రోజున తగ్గింది. రొయ్యల గుంటకి మేత బస్తాలు దించుకుని నాయన డబ్బు కట్టాడు, మర్నాడే తిరిగి వేశాడు. ఆ వరస మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. పాపం, ఆయనకేం తెలుసు.

మళ్లీ 28 రోజులు ముట్టుకోకుండా ఉంచి, స్టేట్‌మెంట్ ఆఖరి తేదీ నుంచి 31 రోజుల్లోపు అప్లై చేశాం. యూనివర్సిటీ నుంచి కొత్త క్యాస్ (సీటు ఖాయమని వాళ్లిచ్చే ధ్రువీకరణ) తెచ్చుకున్నాం. బర్త్ సర్టిఫికెట్, నాయన సమ్మతి లేఖ పెట్టాం. పాత రిజెక్షన్ దాచకుండా రాశాం. మొదటిసారి కట్టినదాంట్లో హెల్త్ సర్‌చార్జి (అక్కడి వైద్యం కోసం ముందే కట్టే డబ్బు) వెనక్కొచ్చింది, వీసా ఫీజు రాలేదు. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్‌కి ఈ 28 రోజుల లెక్క ఉండదట, ముందే తెలిసుంటే అదే తీసుకునేవాళ్లం.

చెల్లి చదువులో వచ్చిన రెండేళ్ల గ్యాప్ గురించి పడ్డ దిగులంతా వృథా. రిజెక్షన్ లెటర్‌లో దాని ఊసే లేదు. మీకూ ఇలాగే అయితే కన్సల్టెన్సీకి పరిగెత్తకముందే ఆ లెటర్ పూర్తిగా చదవండి.