శ్రీలంక ఉత్తరాన జాఫ్నాలో పనిచేసిన మన సైనికులు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

అరండల్‌పేట కుర్రాడు, గుంటూరు:
మా పెదనాన్న ఆర్మీలో చేశారు. 1987లో శ్రీలంక వెళ్లిన శాంతిసేనలో ఉన్నారని ఇంట్లో అందరికీ తెలుసు, అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. కార్గిల్ గురించి అడిగితే గంట చెప్తారు (అప్పుడు ఆయన ఉన్నది రాజస్థాన్‌లో, అయినా చెప్తారు). జాఫ్నా మాటెత్తితే మాత్రం లేచి మొక్కలకి నీళ్లు పోయడానికి వెళ్లిపోతారు. యుద్ధం సంగతులు నెట్‌లో చదివాను. ఆ ఊరు ఎలా ఉండేది, జనం మనవాళ్లని ఎలా చూసేవారు, అది తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ లైన్‌మన్, గుంటూరు:
బాబూ, నేను 54వ డివిజన్ సిగ్నల్స్‌లో, అంటే ఫోన్ లైన్లు వేసే విభాగంలో చేశాను. జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, మర్నాడే మావాళ్లు జాఫ్నా దగ్గర పలాలీ ఎయిర్‌పోర్టులో దిగడం మొదలైంది. ఎందుకు పోతున్నామో మాకు సరిగ్గా చెప్పినవాళ్లు లేరు. తమిళులకి కాపలా, అంతే.

ఊళ్లోకి వెళ్తే పరాయి దేశం అనిపించలేదు. ఎర్రమట్టి, మిరప, పొగాకు, ఉల్లి, ఎటు చూసినా తాటిచెట్లు. చేబ్రోలు వైపు పొలాల్లో నడుస్తున్నట్టే ఉండేది. ఇళ్లు మాత్రం మనకంటే గొప్పవి. నున్నటి అరుగులు, వెనక బావి, షెడ్డులో పాత మోరిస్ మైనరో ఆస్టినో. కొడుకు లండన్‌లోనో కెనడాలోనో. ఆగస్టులో మాకు దండలేశారు. ఒక ఇంటి ముందు కేబుల్ లాగుతుంటే ఒక పెద్దామె, చాప మీద ఎండబెట్టిన తాటితాండ్ర కత్తితో కోసి చేతిలో పెట్టింది. కాస్త చేదు, పళ్లకి అంటుకుపోయింది. ఆ రోజంతా నాలుకతో గీక్కుంటూనే పనిచేశాను.

సెప్టెంబర్ 26న తిలీపన్ అనే ఎల్‌టీటీఈ (తమిళ పులుల) కుర్రాడు నల్లూరు గుడి దగ్గర నిరాహారదీక్షలో చనిపోయాడు. మన ప్రభుత్వం మీదే ఆ దీక్ష. అప్పటినుంచి చూపులు మారాయి. అక్టోబర్ రెండో వారంలో పులుల నుంచి జాఫ్నా పట్టుకోడానికి ఆపరేషన్ పవన్ మొదలైంది, నెలాఖరుకి ఊరు మన చేతికొచ్చింది. చేతికొచ్చిందని కాగితం మీద రాసుకోవాలి.

అక్కడ ఇంటింటికీ తాటాకు దడి, మనిషెత్తు. అవతల ఎవరున్నారో తెలియదు. పులుల దగ్గర ఏకే 47లు, మా దగ్గర ఎస్‌ఎల్‌ఆర్ రైఫిళ్లు. మేం వేసిన లైను రాత్రికి తెగేది. ఏ గొడ్డో తొక్కిందనుకునేవాళ్లం మొదట్లో. తెగినచోటికి మేమే నడిచి వస్తామని వాళ్లకి తెలుసు, అందుకే కోసేవారు. వైరు చేత్తో పట్టుకుని తడుముకుంటూ పోవడం, కల్వర్టు కనిపిస్తే రోడ్డు దిగి చేలోంచి చుట్టు తిరగడం. పీపాలకి పీపాలు మందుపాతర్లు కల్వర్టుల కిందే పెట్టేవారు.

తమిళం అరకొరగా వచ్చని నన్ను చెక్‌పోస్టులో కూడా నిలబెట్టేవారు. అదే కష్టం. జీపులో ఒకడు ముఖానికి గుడ్డ కట్టుకుని కూర్చునేవాడు. సైకిళ్లు దిగి జనం వరుసగా వాడి ముందునుంచి నడవాలి. వాడు తల ఊపితే ఆ మనిషి పక్కకి, ఊపకపోతే ఇంటికి. ఎవరిమీద ఏ పాత పగతో ఊపుతున్నాడో మాకేం తెలుసు? తల్లులు నా దగ్గరికొచ్చి అడిగేవారు, నాకు మాట అర్థమవుతుందని. అర్థం కానట్టు నిలబడేవాణ్ణి.

బెజవాడ మాస్టారు, విజయవాడ:
మీ మాట మీద గౌరవంతోనే ఒకటి కలుపుతున్నాను, లేకపోతే ఈ పిల్లాడికి సగమే తెలుస్తుంది. 1987 అక్టోబర్ 21, దీపావళి. ఆ రోజు మన సైన్యం జాఫ్నా ఆసుపత్రిలోకి వెళ్లాక డాక్టర్లు, నర్సులు, రోగులు కలిపి అరవైమందికి పైగా చనిపోయారు. ఎదురుకాల్పులు అని సైన్యం అంది. బతికి బయటపడ్డ సిబ్బంది అలా చెప్పలేదు. ఊరు మనది కాదు, ఇష్టంలేని ఇంట్లో తుపాకీతో కూర్చున్నాం.

రిటైర్డ్ లైన్‌మన్, గుంటూరు:
మాస్టారూ, కాదనను. ఆ రోజు నేను పలాలీలో ఎక్స్‌ఛేంజ్ డ్యూటీలో ఉన్నాను, కాబట్టి చూశానని చెప్పలేను. తర్వాత ఆ ఆసుపత్రి వీధిలో లైను వేశాం. ఆగస్టులో మంచినీళ్లడిగితే చెంబుతో తెచ్చిచ్చిన జనం, అప్పుడు బావి వైపు చెయ్యి చూపించి లోపలికి పోయి తలుపేసుకున్నారు. తిట్టినా బాగుండేది. మనవాళ్లూ పదకొండు వందలమందికి పైగా పోయారు, అదీ రాయండి. 1990 మార్చిలో ఆఖరి ఓడలు మద్రాసు వస్తే స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. మా బ్యాచ్‌లో ఆయన్ని తిట్టనివాడు లేడు. నేనూ తిట్టాను, ఇప్పుడైతే అంత గట్టిగా తిట్టను.

అరండల్‌పేట కుర్రాడు, గుంటూరు:
థాంక్స్ అంకుల్. పెదనాన్నకి ఇది చదివి వినిపించనా?

రిటైర్డ్ లైన్‌మన్, గుంటూరు:
వద్దు బాబూ. ఆయన డిస్చార్జ్ బుక్‌లో యూనిట్ పేరుంటుంది, అది చూసి ఇక్కడ రాయి. ఆ యూనిట్‌వాళ్లు మన జిల్లాలో ఎవరైనా తెలిస్తే చెప్తాను, ఇద్దర్నీ కూర్చోబెట్టి నువ్వు బయటికెళ్లు.