‘ఇంతింతై వటుడింతయై’: ఎవరూ లెక్కచేయని కథానాయకుడికి ఈ పద్యం నప్పుతుందా?

అలిపిరి:
ఫాంటసీ నవలల పరిచయాల్లో ఈ మధ్య ఒక మాట పదే పదే కనబడతా ఉండాది. ఊళ్లో ఎవరూ లెక్కచేయని పిల్లోడు ఇల్లు విడిచి పోతాడు, చివరికి మాంత్రికుడినో రాక్షసుడినో గెలుస్తాడు. పరిచయం రాసేవాళ్లు వెంటనే ‘ఇంతింతై వటుడింతై’ అని పెట్టేస్తారు. వామనుడి పెరుగుదల మీద పోతన రాసిన పద్యం అది, ఆ సందర్భానికి సరిపోతుందా? పాఠం ‘వటుడింతై’నా, ‘వటుడింతయై’నా?

చంద్రగిరి:
ముందు పాఠం చూద్దాం. పోతన భాగవతం అష్టమ స్కంధంలోని పద్యం ఇది:

ఇంతింతై వటుడింతయై మరియుఁ దానింతై నభోవీధిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై చంద్రునికంతయై ధ్రువునిపై నంతై మహర్వాటిపై
నంతై సత్యపదోన్నతుండగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై.

శార్దూలవిక్రీడితం. మ స జ స త త గ, పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం యతిస్థానం. ‘వటుడింతై’ అంటే 18 అక్షరాలే మిగులుతాయి, ‘తయైమ’ అనే జగణం విరిగిపోతుంది. ‘దానింతై’లోని ‘ఇం’ 13వ చోట పడి మొదటి ‘ఇం’తో యతి కలపాలి, అక్షరం తగ్గితే అది 12కి జరిగిపోతుంది. మాటల్లో ‘వటుడింతై’ అంటే ఎవరూ తప్పు పట్టనక్కర లేదు, అది నానుడిగా స్థిరపడింది. పద్యంగా రాసేటప్పుడు మాత్రం ‘వటుడింతయై’ అనే రాయాల.

పుత్తూరు:
పాఠం విషయంలో చంద్రగిరి సార్ మాటే నాదీ. భావం దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. వామనుడు అదితి కడుపున పడినప్పటి నుంచీ విష్ణువే. బలి యజ్ఞవాటికలో అడుగు పెట్టేసరికే తానెవరో, ఎందుకు వచ్చాడో ఆయనకు తెలుసు. శుక్రాచార్యుడు కూడా గుర్తుపట్టి శిష్యుడిని హెచ్చరించాడు. పొట్టితనం అక్కడ ఒక రూపం, అంతే. ఓడిపోతానేమో అనే భయం వామనుడికి ఒక్క క్షణం కూడా లేదు.

ఆ ఘట్టంలో నిజంగా దూరం నడిచింది బలి. ఇస్తే ఏమవుతుందో గురువు నోట విని కూడా ఇచ్చాడు. మూడు లోకాలూ పోయినాయి, వరుణపాశాలతో కట్టుబడ్డాడు, మూడో అడుగుకు తల చూపించాడు, చివరికి సుతలానికి వెళ్లాడు. పెరిగింది వామనుడి ఒళ్లు, మారింది బలి మనసు. ఫాంటసీలో బలహీనుడి కథ రాసేవాళ్లకు కావాల్సింది రెండోది.

తేడా పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. నవల పూర్తయినాక మొదటి అధ్యాయం మళ్లీ చదవండి. నాయకుడు అక్కడే అంతా తెలిసి నటిస్తున్నట్టు తేలితే అతను మరుగున ఉన్న నాయకుడు. అతనికీ మనకీ అప్పటికి ఏమీ తెలియకపోతే ఎవరూ అనుకోని నాయకుడు. వామనుడు మొదటి కోవ.

కొర్లగుంట:
మొదటి కోవకు మన తిరుపతిలోనే గంగజాతర ఉండాది కదక్కా. గంగమ్మకు భయపడి పాలెగాడు దాక్కుంటే, ఆమె రోజుకొక వేషంలో వెతుకుతుంది. బైరాగి, బండ, తోటి వేషాలకు వాడు బయటికి రాడు. దొర వేషం చూసి, తన పైవాడే వచ్చినాడనుకొని బయటపడతాడు, చస్తాడు. అక్కడ ఉత్కంఠంతా ‘వాడు ఎప్పుడు బయటికొస్తాడు’ అనే దాని మీద నడుస్తుంది. ఆమె గెలుస్తుందా లేదా అనే అనుమానం ఎవరికీ రాదు. మరుగున ఉన్న నాయకుడి కథ రాయాలంటే ఇదే కీలకం: శత్రువు ఏ వేషాన్ని నమ్ముతాడో ముందే తేల్చుకోవాల, ఆ నమ్మకానికి కారణం కథలో ముందే పడి ఉండాల.

అలిపిరి:
బాగుంది. అయితే రెండో కోవకు మన భాగవతంలో ఎవరుండారు?

కాణిపాకం:
ధ్రువుడు. ఆయన పేరు ఈ పద్యంలోనే ఉంది, ‘ధ్రువునిపై నంతై’ అని. ఒకప్పుడు తండ్రి ఒడి ఎక్కనివ్వని పిల్లవాడు, ఇక్కడ వామనుడి పెరుగుదలను కొలిచే మెట్టుగా నిలబడ్డాడు. నాకు ఈ పద్యంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

అయిదేళ్ల పిల్లవాడి ప్రయాణాన్ని చతుర్థ స్కంధం ఎట్ల కట్టిందో చూడండి. సవతి తల్లి సురుచి మాట గుచ్చుకుంటుంది. దారిలో నారదుడు ఎదురై మొదట వెనక్కి పొమ్మంటాడు. పిల్లవాడు తన గాయాన్ని దాచకుండా చెప్పి, పోనంటాడు. అప్పుడు గానీ ద్వాదశాక్షరి మంత్రం దొరకదు. ఆ తరువాత మధువనంలో మొదటి నెల మూడు రోజులకొకసారి వెలగపండ్లు, రేగుపండ్లు. రెండో నెల ఆరు రోజులకొకసారి రాలిన ఆకులు, గడ్డి. మూడో నెల తొమ్మిది రోజులకొకసారి నీళ్లు. నాలుగో నెల పన్నెండు రోజులకొకసారి గాలి. అయిదో నెల ఊపిరి బిగబట్టి ఒంటికాలి మీద. ప్రతి నెలా ఒకటి వదులుకుంటాడు, వదులుకున్నది మళ్లీ తీసుకోడు. మన నవలల్లో నాయకుడికి అధ్యాయానికొక శక్తి వచ్చి చేరతా ఉంటుంది. ఇక్కడ లెక్క తిరగబడింది.

హరి ఎదుట నిలబడితే పొగడడానికి ఆ పిల్లవాడికి మాటలు రావు. శంఖంతో చెక్కిలి తాకితే గానీ నోరు పెగలదు. అంత సాధించినా పిల్లవాడు పిల్లవాడిగానే ఉన్నాడు చూడండి.

పుత్తూరు:
ఇదే సూత్రం టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో (1954–55) ఇంకా కఠినంగా ఉంది. మాయ ఉంగరాన్ని నాశనం చేయడానికి బయల్దేరిన ఫ్రోడో అగ్నిపర్వతం అంచు దాకా పోయి, దాన్ని పారేయలేకపోతాడు. తనదే అంటాడు. ఆ ఉంగరం కోసం వెంటపడిన గొల్లమ్ దాన్ని లాక్కొని లోపల పడిపోబట్టి పని పూర్తవుతుంది. ఆ గొల్లమ్ అప్పటి దాకా బతికున్నది, ముందు బిల్బో, తరువాత ఫ్రోడో చంపకుండా వదిలినందుకు. బలహీనుడు చివర్లో హఠాత్తుగా బలవంతుడైపోతే పాఠకుడు నమ్మడు. ఎప్పుడో వందల పేజీల వెనక చేసిన పని అతని తరఫున వచ్చి నిలబడాల.

మన మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉండడం కూడా ఇట్లాంటి ఏర్పాటే. ఫకీరుతో కుస్తీ పట్టేంత బలం కుర్రవాడికి అక్కరలేదు, చిలక దాకా చేరితే చాలు. అయితే ఆ రహస్యం ఎవరు, ఎందుకు బయటపెట్టారన్నది గట్టిగా ఉండాల. అది వదులైతే కథంతా జారిపోతుంది.

ఇంకొక తప్పు మరీ జాస్తిగా జరుగుతోంది. గొర్రెలు కాసే పిల్లవాడని మొదలుపెట్టి, చివర్లో రాజవంశం అని తేలుస్తారు. ఒక్క పుట్టుమచ్చతో ముందరి నాలుగు వందల పేజీల శ్రమ వంశానికి జమ అయిపోతుంది.

చంద్రగిరి:
నప్పదని తేలినా, ఫాంటసీ రాసే పిలకాయలు ఈ పద్యం ముందు కూర్చోవాల్సిందే. మొదటి మూడు ‘ఇంత’లకు కొలతే లేదు, చెప్పేవాడు చేత్తో చూపించాల. తరువాతే ఆకాశం, మేఘాలు, ప్రభారాశి అంటే సూర్యుడు, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం. సూర్యుడి తరువాత చంద్రుడేమిటని అడుగుతారు. పంచమ స్కంధం లెక్కలో చంద్రుడు సూర్యుడికి లక్ష యోజనాల పైన ఉంటాడు. కల్పిత లోకానికి తన కొలతలు తనకుండాల, వాటిని మధ్యలో మార్చకూడదు.

దాని వెంటనే వచ్చే ‘రవిబింబంబుపమింప’ మత్తేభం ఇంకా పెద్ద పాఠం. అక్కడ కొలత ఒక్కటే, సూర్యబింబం. అది కదలదు. వటుడికి ముందు గొడుగు, తరువాత తలమీద రత్నం, చెవికమ్మ, కంఠాభరణం, భుజకీర్తి, కంకణం, మొలగంట, అందె, చివరికి పాదపీఠం. ‘పెరిగాడు’ అని ఒక్కసారీ చెప్పకుండా తొమ్మిది చోట్ల చూపించాడు. నవలలో ఇట్లా ఒక వస్తువును ఎంచుకోండి: మొదటి అధ్యాయంలో పిల్లవాడు దాటలేని ఏరు కావచ్చు, తెరవలేని తలుపు కావచ్చు. మూడు నాలుగు చోట్ల దాని దగ్గరికే తీసుకొని రండి. ఏరు మారకూడదు. రచయితలు ఏరును కూడా ఎండగట్టేస్తారు, అక్కడే కొలత పోతుంది. మాంత్రికుడు కథ చివరికొచ్చేసరికి మొద్దుగా తయారవడం కూడా ఈ పొరపాటే.

అలిపిరి:
అయితే పరిచయాల్లో ఏం రాయమంటారు సార్?

చంద్రగిరి:
వామనుడి మాదిరి తెలిసి దాగినవాడైతే ‘ఇంతింతై’ రాయండి, చక్కగా కుదురుతుంది. రెండో కోవ అయితే ధ్రువుడి పేరు ఎత్తండి.

కాణిపాకం:
ధ్రువుడి పేరు ఎత్తేవాళ్లు వరం దగ్గర ఆపేయొద్దు. ఇంటికి తిరిగొచ్చే దారిలోనే ఆయన బాధపడతాడు, అడగాల్సింది అడగలేదని. రాజై 36,000 ఏళ్లు ఏలాడు. తమ్ముడు ఉత్తముడిని వేటలో యక్షుడు చంపితే, అలకాపురి మీదికి పోయి తప్పు చేయని యక్షులను కూడా చంపతా ఉంటాడు. తాత స్వాయంభువ మనువు వచ్చి ఆపాల్సి వస్తుంది. ఆపగానే ఆగుతాడు, కుబేరుడు వరమిస్తానంటే హరిని మరవకుండా ఉండడమే అడుగుతాడు. మొదటిసారి తప్పిపోయిన కోరిక అది.

కొర్లగుంట:
ఆ యక్షుల యుద్ధం భాగం గుంపులో వరసగా చదువుకుందామక్కా. నాలుగైదు పద్యాలు పెట్టండి, ప్రతిపదార్థం నేను రాస్తాను.