ఇంత చలిలో గ్లోబల్ వార్మింగ్ ఎక్కడుంది?

సిర్పూర్ సీను: పొద్దున్నే బండి తీస్తే చేతులు కొంకర్లు పోయాయి. ఊళ్లో సింగిల్ డిజిట్. మంట దగ్గర నుంచి లేవబుద్ధి కావట్లేదు. టీవీ పెడితే మాత్రం భూమి వేడెక్కిపోతోందని ఒకటే గోల.

డెక్కన్‌వాసి: బ్రో, 2015లో అమెరికా సెనేట్‌లో జేమ్స్ ఇన్‌హోఫ్ అనే సెనేటర్, గ్లోబల్ వార్మింగ్ ఉత్తిదని చెప్పడానికి బయట నుంచి మంచు ముద్ద తెచ్చి, ఎంత చలిగా ఉందో చూడండంటూ సభలోనే విసిరాడు. నువ్వు చెప్పేదీ అదే వాదన. చలికాలంలో మీ వైపు ఉత్తరాది పొడి గాలి దిగుతుంది, ఆకాశంలో మబ్బు ఉండదు, రాత్రంతా నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. మబ్బు పట్టిన రాత్రి చూడు, అదే ఊళ్లో రగ్గు తీసి పక్కన పడేస్తావు. భూమి సగటున వేడెక్కినంత మాత్రాన ఇదంతా ఆగిపోదు కదా.

సిర్పూర్ సీను: సరే. మరి మే నెలలో రామగుండం మండిపోతుంటే ‘ఇదిగో గ్లోబల్ వార్మింగ్’ అని పోస్టులు పెట్టేది మీరే కదా అన్నా? ఎండ కొడితే క్లైమేట్, చలేస్తే ఉత్త గాలి. ఇదెక్కడి న్యాయం?

లెక్కల మాస్టారు: సీను అడిగింది సబబే. ఒక్క ఎండ రోజు చూపించి గోల చేసేవాళ్లదీ ఇదే తప్పు. రోజుల్ని వదిలేసి ఏళ్లు చూడండి. ఐఎండీ, అదే మన వాతావరణ శాఖ దగ్గర 1901 నుంచి దేశం మొత్తానికి లెక్కలున్నాయి, వాటిలో అన్నిటికంటే వేడి సంవత్సరం 2024. ఆ మరుసటి ఫిబ్రవరి కూడా ఫిబ్రవరులన్నిటిలోకీ రికార్డే. శివరాత్రికి శివశివా అంటూ పోవాల్సిన చలి ఆ ఏడు అంతదాకా ఆగితే ఒట్టు!

కొత్త ఐడీ: అదంతా సిటీల వేడి మాస్టారూ. హైదరాబాద్‌లోనే బేగంపేటకీ పటాన్‌చెరుకీ చలిలో ఎంత తేడా ఉంటుందో చూడండి. థర్మామీటర్ల చుట్టూ కాంక్రీట్ పోసి భూమి వేడెక్కిందంటే ఎలా?

డెక్కన్‌వాసి: సిటీ వేడి నిజమే, కాదన్నదెవరు. కానీ సముద్రాలూ వేడెక్కుతున్నాయి, అక్కడ ఎవరు కట్టారు అపార్ట్‌మెంట్లు?

మామిడి తోట, నూజివీడు: మీ డిగ్రీల గొడవ మీది, నా గొడవ పూత. మామిడికి డిసెంబర్, జనవరి రాత్రుల్లో చలి తగలాలి. తగలకపోతే పూత రావాల్సిన కొమ్మకి ఎర్ర చిగురు వస్తుంది. షావుకారు వచ్చి చెట్టు చెట్టూ చూసి, పూత ఏదయ్యా అంటాడు. ఆకు చూపించి రేటు అడగలేం కదా.

సిర్పూర్ సీను: చిగురు వేడి వల్లేనంటారా బాబాయ్? వానల వల్ల కాదా?

మామిడి తోట, నూజివీడు: వానలు కూడా. నవంబర్‌లో తుఫాను పడి నేలలో తడి ఉండిపోతే చలి బాగున్నా చెట్టు చిగురుకే పోతుంది. అందుకే అంతా వార్మింగ్ మీదకి తోసేయను. కానీ నేల ఆరబెట్టడానికి నీళ్లు ఆపగలను, రాత్రి చలిని ఎక్కడి నుంచి తేవాలి? పైగా పొగమంచు మాత్రం దండిగా పడుతోంది, దాంతో పూత రసం పీల్చే తేనెమంచు పురుగు. ఆ మందుల ఖర్చు వేరే.