గుంటూరు మిర్చి లారీ పెట్రాపోల్ దాటాలంటే ఏ పోర్టల్‌లో పని ముందు?

మిర్చియార్డు_రెడ్డి:
ఢాకా పార్టీకి తేజ రకం ఎండుమిర్చి రెండు లారీలు, బంగ్లాదేశ్ సరిహద్దులోని పెట్రాపోల్ మీదుగా పంపాలి. ఎల్‌సీ (బ్యాంకు చెల్లింపు హామీ పత్రం) వచ్చేసింది. ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్), స్పైసెస్ బోర్డు సీఆర్‌ఈఎస్ (ఎగుమతిదారు రిజిస్ట్రేషన్), ఈ ఏడాది ఎల్‌యూటీ (ఐజీఎస్‌టీ కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) అన్నీ ఉన్నాయి. సముద్రం మీద కంటైనర్లు పంపడం అలవాటే గానీ రోడ్డు బోర్డరు కొత్త. ఈ-వే బిల్లు, ఐస్‌గేట్, సువిధ స్లాట్ (బోర్డరు దాటే సమయం బుకింగ్), ఫైటో (మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్), సాఫ్టా సర్టిఫికెట్ (దక్షిణాసియా సుంకం రాయితీకి సరుకు మన దేశానిదని చూపేది).. ఇన్నింటిలో ఏది ముందు, ఏది తర్వాత? పెట్రాపోల్ ముందున్న బన్‌గావ్ దగ్గర రోజుల తరబడి ఆగి హాల్టింగ్ (నిలబడ్డ రోజుల అద్దె) పడుతుందని లారీవాళ్లు ఇప్పటినుంచే రేటు పెంచి చెబుతున్నారు. దాన్ని తగ్గించుకునే పద్ధతి తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బోర్డరు_పేపర్లు:
రెడ్డి గారూ, ఒక పోర్టల్‌లో మీరు ఎక్కించింది ఇంకో పోర్టల్‌కి తెలుస్తుందని నమ్ముకోవద్దు. సువిధ పశ్చిమ బెంగాల్ రవాణా శాఖది. ఐస్‌గేట్ మన కస్టమ్స్‌ది. పెట్రాపోల్ చెక్‌పోస్టులో గేటు, యార్డు ల్యాండ్ పోర్ట్స్ అథారిటీ కింద ఉంటాయి. అవతల బేనాపోల్‌లో బంగ్లాదేశ్ కస్టమ్స్ వాడేది అసైకుడా వరల్డ్ అనే కంప్యూటర్ సిస్టమ్. అందుకే లారీ నంబరు, ఇన్వాయిస్ నంబరు, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, నికర బరువు, మొత్తం బరువు, హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్ సరుకు కోడ్) ముందు ఒక కాగితం మీద ఖాయం చేసుకుని, అన్నిచోట్లా అవే ఎక్కించాలి. లారీలు ఆగేది ఎక్కువగా ఈ ఆరింటిలో ఏదో ఒకటి తేడా పడే.

కోడ్‌తో మొదలుపెట్టండి. ఎండుమిర్చి కాయకి మనవైపు 0904 21 10. అవతల చివరి రెండంకెలు వేరుగా ఉండొచ్చు, మొదటి ఆరు మాత్రం కలవాలి. ఎల్‌సీలో 0904 22 అని ఉంటే అది దంచిన కాయ, కారప్పొడి కోడ్. అమెండ్‌మెంట్ చేతికి వచ్చేదాకా లోడింగ్ పెట్టుకోవద్దు. దిగుమతిదారు పేరు, బిన్ నంబరు (అక్కడి వ్యాపార గుర్తింపు సంఖ్య) బస్తాల మీద ముద్రించమని ఎల్‌సీలో షరతు ఉందేమో కూడా అప్పుడే చూడండి. టిక్కీలు కుట్టేశాక గుర్తొస్తే లాభం లేదు.

తర్వాత ఫైటో. దీనికి ముందు మీ పార్టీ అక్కడి ప్లాంట్ క్వారంటైన్ నుంచి ఇంపోర్ట్ పర్మిట్ తీసుకుని మీకు కాపీ పంపాలి. అందులోని షరతులు చూసుకుని పీక్యూఎంఎస్ (మన ప్లాంట్ క్వారంటైన్) పోర్టల్‌లో దరఖాస్తు పెడితే తనిఖీకి వచ్చి శాంపిల్ తీస్తారు. బతికున్న పురుగు, మట్టి, బూజు కనపడితే అక్కడే ఆగిపోతుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన సరుకైతే చల్లగా ఉండగానే లోడ్ చేయకండి. బయటి వేడికి కాయ మీద చెమ్మ పడుతుంది. టార్పాలిన్ కింద అది ఆరదు, బూజు అక్కడే మొదలవుతుంది. బయట పరిచి మామూలు వేడికి వచ్చాకే టిక్కీలు ఎక్కించాలి. సాఫ్టా సర్టిఫికెట్ డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య శాఖ) ఈ-సీఓఓ పోర్టల్‌లోనే, ఇన్వాయిస్ నంబరు ఖాయమయ్యాక పెట్టండి.

మీ టర్నోవర్ 5 కోట్లు దాటి ఉంటే ఎక్స్‌పోర్ట్ ఇన్వాయిస్‌కి కూడా ఐఆర్‌ఎన్ (ఈ-ఇన్వాయిస్ నంబరు) కావాలి. ఎల్‌యూటీ మీద పంపుతున్నారు కాబట్టి అందులో రకం ఈఎక్స్‌పీడబ్ల్యూఓపీ (పన్ను కట్టని ఎగుమతి). ఈ-వే బిల్లులో సబ్ టైప్ ‘ఎక్స్‌పోర్ట్’. బిల్ టు దగ్గర యూఆర్‌పీ (జీఎస్టీలో రిజిస్టర్ కాని పార్టీ), రాష్ట్రం ‘అదర్ కంట్రీస్’, పిన్ 999999. షిప్ టు దగ్గర మాత్రం పెట్రాపోల్ చిరునామా, పశ్చిమ బెంగాల్, అక్కడి పిన్ వేయాలి. అక్కడ కూడా 999999 కొడితే దూరం సరిగా పడదు, దాంతో గడువూ తప్పుతుంది.

షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కిచ్చే ఎగుమతి డిక్లరేషన్) కోసం లారీ అక్కడికి చేరేదాకా ఆగనక్కర్లేదు. లారీ దారిలో ఉండగానే మీ క్లియరింగ్ ఏజెంటు ఐస్‌గేట్‌లో వేయొచ్చు. పెట్రాపోల్ లొకేషన్ కోడ్ ఐఎన్‌పీటీపీబీ. మీ ఏడీ కోడ్ (ఎగుమతి డబ్బు వచ్చే బ్యాంకు కోడ్) ఆ లొకేషన్‌కి రిజిస్టర్ అయిందో లేదో ఇవాళే చూడండి. సముద్రపు పోర్టుకి మాత్రమే చేసుకున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. ఏజెంటు పంపే చెక్‌లిస్టులో ఆ ఆరు వివరాలు మీరే కూర్చుని సరిచూడండి. ఎల్‌ఈఓ (కస్టమ్స్ ఎగుమతి అనుమతి) రాకముందు దిద్దుబాటు తేలిక. వచ్చాక అయితే కస్టమ్స్ చట్టం సెక్షన్ 149 కింద అమెండ్‌మెంట్ అడగాలి, అది నిదానం వ్యవహారం.

లారీ చేరాక గూడ్స్ రిజిస్ట్రేషన్, సిస్టమ్ తనిఖీకి ఎంచుకుంటే ఎగ్జామినేషన్, ఆ తర్వాత ఎల్‌ఈఓ, అప్పుడు గేటు. బేనాపోల్ యార్డులో సరుకు దించాక మన లారీ ఖాళీగా వెనక్కి వస్తుంది. అక్కడినుంచి ఢాకాకి వాళ్ల లారీలోనే.

ఎన్‌హెచ్16_లారీ_ఆఫీసు:
పేపర్ల సంగతి పైన అన్నగారు చెప్పేశారు. హాల్టింగ్ విషయానికొస్తే, బోర్డరు దాటే లారీ ఏదో స్లాట్ బుక్ చేయకముందే తేలాలి. ఏపీ లారీ నేరుగా దాటుతుందా, బన్‌గావ్‌లో లోకల్ లారీకి మారుస్తారా? సువిధ స్లాట్ లారీ నంబరు మీద ఉంటుంది. మార్పిడి చేసేటట్టయితే లోకల్ లారీ నంబరు మీదే స్లాట్ తీసుకోవాలి, ఈ-వే బిల్లు పార్ట్-బీలో (లారీ వివరాల భాగం) అదే అప్‌డేట్ చేయాలి, కస్టమ్స్ పేపర్లలోనూ అదే పడాలి. మార్పిడిలో చిరిగిన టిక్కీలుంటే అక్కడే మళ్లీ కుట్టించి, లెక్క సరిచూసి పంపండి. ఒక్క టిక్కీ తగ్గినా అవతల లెక్కింపులో దొరుకుతుంది.

లారీ గుంటూరులో కదిలిన రోజే స్లాట్ తీసుకోవడం నా దృష్టిలో తొందరపాటు. దారిలో టైరు పోయినా, ఒడిశాలో వానలకి ఆగినా ఆ స్లాట్ వృథా. ఫాస్టాగ్ పడిన టోల్ ప్లాజాలు యూలిప్ (కేంద్రం లాజిస్టిక్స్ డేటా వేదిక) ద్వారా తీసుకుని చూపించే ట్రాకింగ్ యాప్‌లు ఇప్పుడు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో మామూలే. లారీ బాలేశ్వర్ దాటినప్పుడు ఏయే స్లాట్లు ఖాళీగా ఉన్నాయో చూసుకుని, ఒక రోజు వెసులుబాటు ఉంచి తీసుకోండి. శుక్రవారం బంగ్లాదేశ్‌లో వారపు సెలవు కాబట్టి గురువారం సాయంత్రం స్లాట్ వద్దు. ఈద్, దుర్గాపూజ రోజుల్లో వరుసగా మూతపడుతుంది. ఆ వారాల్లో సరుకు గుంటూరులోనే ఉంచడం నయం.

ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకి ఒక రోజు. గుంటూరు నుంచి పెట్రాపోల్ దాదాపు 1,300 కిలోమీటర్లు, అంటే 7 రోజులు వస్తాయి. ప్రయాణానికి చాలు, పార్కింగ్‌లో నిలబడితే చాలదు. గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరాక 8 గంటల వరకే పొడిగించుకోవచ్చు. అప్పుడు ‘ఇన్ ట్రాన్సిట్’ ఎంచుకుని పార్కింగ్ చిరునామా ఇవ్వండి. అర్ధరాత్రి పన్నెండుకి తీరిన బిల్లు ఉదయం ఎనిమిది దాటితే పొడిగింపుకి రాదు. ఫోన్‌లో అలారం పెట్టుకోవాల్సిన పని ఇది.

బరువు కూడా చూసుకోండి. వానాకాలం గోతం చెమ్మ పీలుస్తుంది, ఎండల్లో కాయ తేమ పోగొట్టుకుంటుంది. గుంటూరు కాటాకీ అక్కడి కాటాకీ తేడా రావడం సహజం. ఖాళీ లారీ కాటా చీటీ, లోడు చీటీ రెండూ డ్రైవర్ దగ్గర ఉంటే ఆ తేడా ఎక్కడిదో చూపించడానికి ఆధారం ఉంటుంది.

మిర్చియార్డు_రెడ్డి:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఏడీ కోడ్ సముద్రపు పోర్టుకే ఉంది, ఇవాళే పెట్రాపోల్‌కి పెడుతున్నాం. ఇంకో రెండు సందేహాలు. ఎల్‌యూటీ మీద పంపుతున్నాం, ఐజీఎస్‌టీ కట్టడం లేదు. మరి ఈజీఎం (సరుకు దేశం దాటినట్టు కస్టమ్స్‌లో పడే నమోదు) గురించి మేం పట్టించుకోవాలా? సరుకు పెరిగితే రైలు మేలా?

జీఎస్టీ_లెక్కలు:
తప్పకుండా పట్టించుకోవాలి. ఎల్‌యూటీ వాళ్లు మిగిలిన ఐటీసీ (కొనుగోళ్ల మీద కట్టిన పన్ను) రీఫండ్‌కి ఆర్‌ఎఫ్‌డీ-01 ఫారం వేసినప్పుడు స్టేట్‌మెంట్ 3లో షిప్పింగ్ బిల్లు పక్కనే ఈజీఎం నంబరు, తేదీ అడుగుతుంది. లారీ దాటిన వారంలో ఐస్‌గేట్ ఎంక్వైరీలో షిప్పింగ్ బిల్లు స్టేటస్ తీసి ఈజీఎం పడిందో లేదో చూడండి. పడకపోతే ఏజెంటుని వెంటనే అడగాలి. ఆర్నెల్ల తర్వాత అడిగితే ఆ లారీ కాగితాలు వెతికేవాళ్లే ఉండరు.

జీఎస్‌టీఆర్-1 టేబుల్ 6ఏలో పోర్ట్ కోడ్, షిప్పింగ్ బిల్లు నంబరు, తేదీ ఐస్‌గేట్‌లో ఉన్నట్టే ఉండాలి. రేపు ఐజీఎస్‌టీ కట్టి పంపే పద్ధతికి మారితే ఈ తేడాలే ఎర్రర్ కోడ్‌లుగా వస్తాయి. షిప్పింగ్ బిల్లు వివరాలు తప్పితే ఎస్‌బీ001, ఈజీఎం లేకపోతే ఎస్‌బీ002, జీఎస్‌టీఐఎన్ తేడా అయితే ఎస్‌బీ003, ఇన్వాయిస్ నంబరు తేడా అయితే ఎస్‌బీ005. చివరిదే ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే జీఎస్టీ ఇన్వాయిస్‌కి ఒక నంబరు, కస్టమ్స్‌కిచ్చే కమర్షియల్ ఇన్వాయిస్‌కి వేరే నంబరు పెట్టే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. రెండింటికీ ఒకటే నంబరు పెట్టండి.

జీఎస్టీ రూల్ 96ఏ ప్రకారం ఇన్వాయిస్ తేదీ నుంచి 3 నెలల్లోపు సరుకు దేశం దాటాలి. దాటకపోతే ఆపై 15 రోజుల్లో పన్ను వడ్డీతో కట్టాలి. స్టాకు ఎప్పుడు కదులుతుందో తేలకముందే ఇన్వాయిస్‌లు కొట్టి పెట్టుకోకండి.

పార్సిల్_వ్యాను:
రైలుకి మీ ఊరి లెక్కే ఉంది. 2020 జులైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కి 16 పార్సిల్ వ్యాన్లతో ఎండుమిర్చి ప్రత్యేక రైలు వెళ్లింది. ఒక్కో వ్యానులో 466 టిక్కీలు, దాదాపు 19.9 టన్నులు. టన్నుకి రైలు ఖర్చు రూ.4,608, రోడ్డు మీద రూ.7,000 అని అప్పుడు రైల్వే చెప్పిన లెక్క. ఇప్పటి రేట్లు డివిజన్ కమర్షియల్ ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకోండి.

బండి మొత్తం నిండేంత సరుకు ఒకే తేదీకి కావాలి. రెండు లారీలవాళ్లకి అది ఒంటరిగా కుదరదు, యార్డులో నలుగురైదుగురు ఎగుమతిదారులు కలిస్తేనే పని. అలా కలిసినా ఎవరి సరుకుకి వాళ్ల షిప్పింగ్ బిల్లు, ఫైటో, సాఫ్టా విడివిడిగా ఉండాలి. ఒకే వ్యానులో ఇద్దరి టిక్కీలు వేయకండి. ఒకరి పేపర్లలో తేడా వస్తే ఆ వ్యాను మొత్తం నిలుస్తుంది.