సమస్య: వేడినీటితో చల్లారె వేడియెల్ల

నిర్వాహకుడు:
నల్లగొండలో మా మేనల్లుడు కంప్యూటర్‌కు సొంతంగా నీళ్ళ గొట్టాలు బిగించుకుంటుంటే పక్కన కూర్చున్నాను. ఆ నీళ్ళు ఎప్పుడూ గది కంటే చల్లబడవట, అయినా చిప్పు చల్లబడుతుందట. చిప్పు 80 డిగ్రీల మీద ఉంటే 50 డిగ్రీల నీళ్ళు కూడా దానికి చలివేంద్రమే అన్నాడు. పాదం అక్కడే పుట్టింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. శనివారం దాకా గడువు. టీలు, స్నానాలు వద్దు, చాలా చూశాం.

పానగల్లు పంతులు:
చిప్పు మండెను రోహిణి చెంత చేర
పంపు త్రోయగ గొట్టాల పారె నీరు
రాగిబిళ్ళను తాకుచు రగిలి, కదలి
వేడినీటితో చల్లారె వేడియెల్ల

పిల్లలమర్రి:
భేష్ పంతులుగారూ! వేడిని ఎత్తుకుని నీరు ముందుకు పోవడమే కదా అసలు కిటుకు. ఆ పని మొత్తం ఒక్క 'కదలి' చేసింది.

మూసీగట్టు:
కదిలి ఎక్కడికి పోయినట్టు? నీళ్ళ వేడిని గాలికి వదిలే రేడియేటర్ ఊసే లేదు. పంపుకు నీళ్ళందించే ట్యాంకూ లేదు. పొడిగా తిరిగితే పంపు బేరింగ్ ఎన్నాళ్ళుంటుంది? నా పూరణ, ఎవరి గురించో వారికి తెలుసు:

బోరు నీటినె పోసిరి పొదుపుకొరకు
సున్నమంతయు పేరెను చూడగానె
రేడియేటరు కడుగగను రేపుమాపు
వేడినీటితో చల్లారె వేడియెల్ల

పానగల్లు పంతులు:
నేను బోరునీళ్ళు పోసే రకం కాదు. మూడో పాదం చూసుకోండి. 'కడుగగను' అంటే ఐదు లఘువులు. నాలుగు లఘువుల నలం మీద 'ను' ఎక్కి కూర్చుంది.

పిల్లలమర్రి:
'ను' తీసేస్తే సరిపోయేదానికి ఇంత గొడవెందుకు సార్? మన దగ్గర బోరంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ గొట్టాల్లో పేరుకునేది కాల్షియమే. 'సున్నము' అన్నందుకు మూసీగట్టు అన్నకు మార్కులు వేయాల్సిందే.

దేవరకొండ చిన్నోడు:
అందరూ 'ను' పట్టుకున్నారు. అసలు వేడినీళ్ళకు సున్నం పోతుందా? గీజర్‌లో పేరుకునేదే వేడికి కదా! వెనిగరో సిట్రిక్ ఆమ్లమో ఉండాలి. కొత్త రేడియేటర్‌లో మిగిలిపోయిన మడ్డిని కడగడానికైతే వేడి డిస్టిల్డ్ వాటర్ పనికొస్తుంది. రెండో పాదంలో సున్నం తీసి మడ్డి పెట్టండన్నా. అప్పుడు మొదటి పాదం కూడా మార్చాలి, అది వేరే సంగతి.

మూసీగట్టు:
తమ్ముడి మాటలో పాయింట్ ఉంది. కానీ గణాల గురించి పంతులుగారు చెప్పాలా? మొన్నటి సాగర్ పూరణలో 26 గేట్లను గణం కోసం ఇరవై నాలుగు చేసిందెవరు?

పానగల్లు పంతులు:
పద్యం రాసిన రోజు రెండు గేట్లు ఎత్తలేదు.

నిర్వాహకుడు:
ఇద్దరూ గేట్లు దించండి. తర్వాతి పూరణ?

దేవరకొండ చిన్నోడు:
బ్యాటరీల దుకాణపు బాటపట్టి
కొట్టువానికి దండాలు కోటిపెట్టి
లవణమేలేని సీసాను లక్షణముగ
వేడి, నీటితో చల్లారె వేడియెల్ల

పిల్లలమర్రి:
ఆ విరుపు! వేడినీళ్ళను మాయం చేసి వేడుకోలు పెట్టాడు. డిస్టిల్డ్ వాటర్‌కు మనూళ్ళో బ్యాటరీ కొట్టే దిక్కు, అదీ నిజమే.

మూసీగట్టు:
విరుపు ఒప్పుకుంటాను. కానీ వేడింది చిన్నోడు, చల్లారింది వేడి. 'వేడి' లాంటి క్త్వార్థానికీ, ముగింపు క్రియకూ కర్త ఒక్కడే ఉండొద్దా? 'లక్షణముగ' కూడా యతి కోసం లాక్కొచ్చిందే.

పానగల్లు పంతులు:
ఈ ఒక్కసారికి మూసీగట్టుతో ఏకీభవిస్తున్నాను. తమ్ముడూ, పద్యం అలా ఉంచు. చిప్పు మీద రాగి బ్లాక్ పెట్టి, చౌకగా వచ్చిందని అల్యూమినియం రేడియేటర్ కొనకు. రెండూ ఒకే నీళ్ళలో ఉంటే అల్యూమినియం తుప్పుపట్టి తరిగిపోతుంది. నింపాక బోర్డుకు కరెంటివ్వకుండా పంపు ఒక్కదాన్నే 24 గంటలు తిప్పు. జాయింట్ల కింద టిష్యూ పేపర్ పరిచి చూడు, తడి ఎక్కడున్నా తెలిసిపోతుంది.

దేవరకొండ చిన్నోడు:
రాగి రేడియేటరే పంతులుగారూ. కర్త సంగతి మాత్రం నిర్వాహకుడినే అడగండి, ఆ పాదం ఆయనది.